పసిగుండెకు రెండు సలహాలు

పుట్టిన ఒకటి రెండు నెలలకే శిశువు పాలు త్రాగుచు ఆయాసపడుట, నుదుట చెమట పోయుట, బరువు పెరుగకుండుట తల్లి కనిపెట్టును. హైదరాబాదులో తార్నాకలో గాని, దాని ప్రక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణములో గాని కాపురమున్నవారికి వైద్యులకు కరవు లేదు. ఒకరికి చూపి, తృప్తి లేకున్న వేరొకరికి చూపవచ్చును. చిక్కు అక్కడనే మొదలగును. ఒక వైద్యుడు, "గుండెలో రంధ్రమున్నది, ఆలస్యము చేయక శస్త్రచికిత్స చేయింపుడు" అనును. రెండవ వైద్యుడు, "తొందర లేదు, దానంతట అదే పూడవచ్చును, కొన్నాళ్లు చూతము" అనును. ఇద్దరును చదువుకొన్నవారే, అనుభవము గలవారే. తలిదండ్రులు ఎవరి మాట వినవలెను?

1938కి పూర్వము ఈ ప్రశ్న దాదాపు లేదనియే చెప్పవచ్చును. పుట్టుకతో వచ్చిన గుండె లోపమును కత్తితో సరిచేసి బ్రతికించిన వైద్యుడు అప్పటికి లేడు. శిశువు తల్లి గర్భములో ఉన్నంతకాలము ఊపిరి పీల్చదు. కావున ఊపిరితిత్తులకు పోవు ధమని నుండి మహాధమనికి ఒక అడ్డుదారి ఉండును. పుట్టిన కొలది దినములకు అది మూసికొనవలెను. కొందరిలో మూసికొనదు. అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో రాబర్ట్ గ్రాస్ అను యువ శస్త్రవైద్యుడు దానిని దారముతో కట్టివేయవచ్చునని కుక్కలపైనను, శవములపైనను అభ్యాసము చేసి నిశ్చయించుకొనెను. ఆయన పై అధికారియైన విలియం లాడ్‌కు ఈ సాహసము ఇష్టము లేదు. లాడ్ సెలవుపై యూరపునకు పోయియుండగా, 1938 ఆగస్టు 26న గ్రాస్ ఏడేండ్ల బాలికకు ఆ శస్త్రచికిత్స చేసెను. బాలిక కోలుకొని దీర్ఘకాలము జీవించెను. ఆనాడు ఆమె తల్లి దగ్గర నున్నది ఒక్క సలహాయే. వలదను పెద్దాయన విదేశములో ఉండెను.

కొలది కాలమునకే గ్రాస్ తానును "వలదు" అనువారిలో చేరుట విచిత్రము. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెలెన్ టౌసిగ్ అను వైద్యురాలు ఒంటి రంగు నీలముగా మారిన పిల్లలను చూచుచుండెడిది. ఆమెకు చెవులు సరిగా వినబడవు. గుండె చప్పుడును వ్రేళ్లతో తాకి గ్రహించెడిది. ఈ పిల్లలలో కొందరు, పైన చెప్పిన అడ్డుదారి తెరచియున్నంతకాలము కొంత సుఖముగా ఉండి, అది మూసికొనగానే క్షీణించుట ఆమె గమనించెను. అట్లయిన కొత్తగా ఒక అడ్డుదారి కల్పింపరాదా? ఆమె గ్రాస్‌ను అడిగెను. అడ్డుదారులను మూయుటలో పేరు పొందిన ఆయనకు ఒకదానిని తెరచుట రుచింపలేదు. అప్పుడామె ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ అను శస్త్రవైద్యుని ఆశ్రయించెను. ఆయన ప్రయోగశాలలో వివియన్ థామస్ అను నల్లజాతి సహాయకుడు, వైద్య పట్టము లేనివాడైనను, కుక్కలపై ఈ పద్ధతిని సాధించి పెట్టెను.

1944 నవంబరు 29న శస్త్రచికిత్సకు వచ్చిన శిశువు వయస్సు 15 నెలలు. బరువు సుమారు 4 కిలోలు మాత్రమే. ఆసుపత్రిలోనే అభిప్రాయభేదము వచ్చెను. ఇంత నీరసించిన బిడ్డ మత్తుకే తాళదని ఆస్టిన్ లామాంట్ అను మత్తు వైద్యుడు తప్పుకొనెను. మెరెల్ హార్మెల్ అను యువకుడు ఆ పనికి పూనుకొనెను. థామస్ బ్లాలాక్ వెనుక పీటపై నిలబడి ప్రతి కుట్టునకు సలహా చెప్పెను. బిడ్డ బ్రతికెను. ఐతే కొన్ని నెలల తరువాత మరల నీలముగా మారి, రెండవ శస్త్రచికిత్స పిమ్మట చనిపోయెను. ఇంతకు లామాంట్ చెప్పినది తప్పా? ఆ బిడ్డ విషయమున ఆయన భయము నిర్హేతుకము కాదు. ఐనను 1945లో వెంటవెంటనే మరి ఇద్దరు పిల్లలకు చికిత్స ఫలించెను. తరువాతి సంవత్సరములలో వేలమంది నీలిశిశువులు ఆ దారినే బ్రతికిరి.

తలిదండ్రులపై ఇంతకంటె గొప్ప భారము మోపిన సంఘటన 1954 మార్చి 26న మినెసోటా విశ్వవిద్యాలయములో జరిగెను. క్రింది గదుల నడుమ గోడలో రంధ్రమున్న ఏడాది బిడ్డ గుండెను వాల్టన్ లిల్లెహై తెరచెను. ఆ సేపు బిడ్డ రక్తమును శుద్ధిచేసినది యంత్రము కాదు, తండ్రి. బిడ్డ రక్తనాళములను తండ్రి రక్తనాళములతో గొట్టముల ద్వారా కలిపిరి. ఒక శస్త్రచికిత్సకు ఇద్దరు ప్రాణములు బలియగునేమోనని విమర్శకులు అనిరి. ఆ దంపతులు అంతకు ముందే ఇట్టి గుండె జబ్బుతో ఒక కుమార్తెను పోగొట్టుకొన్నవారు, ఒప్పుకొనిరి. రంధ్రము చక్కగా పూడినది గాని బిడ్డ 11వ దినమున ఊపిరితిత్తుల జబ్బుతో మరణించెను. ఈ పద్ధతిలో చికిత్స పొందిన 45 మందిలో 28 మంది బ్రతికి ఇల్లు చేరిరి. 1955 నుండి యంత్రములు వచ్చుటచే దాతల అవసరము తీరిపోయెను.

వైద్యులు భేదించిరనగానే ఇద్దరిలో ఒకరు అజ్ఞానులని తలచుట సామాన్యము. హైదరాబాదు చరిత్రయే దీనికి ప్రత్యుత్తరము చెప్పును. క్లోరోఫారము మత్తులో రోగి చనిపోవుట శ్వాస ఆగుట వలననా, గుండె ఆగుట వలననా అని 19వ శతాబ్దమున పెద్ద వాదము నడచెను. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ, శ్వాసను కనిపెట్టియున్న చాలును, గుండెకు భయము లేదనెను. ఆ పాఠశాలయే తరువాత ఉస్మానియా వైద్య కళాశాల ఐనది. నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో 1888లో ఒక సంఘము, 1889లో రెండవ సంఘము పరిశోధనలు చేసెను. రెండవ దానికి లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగములు జరిగిన మీదట లారీ మాటయే నెగ్గెను. కాని 1911లో గుడ్మన్ లెవీ, మత్తు పలుచగా ఉన్నప్పుడు గుండె కండరము ఒక్కసారిగా అదిరి ఆగిపోగలదని పిల్లులపై నిరూపించెను. లారీ చూచినది గాఢమైన మత్తు. లెవీ చూచినది తేలికయైన మత్తు. చూచినంతవరకు ఇద్దరును సరిగానే చూచిరి.

పసిగుండె విషయమును ఇట్టిదే. క్రింది గదుల నడుమ గోడలోని రంధ్రము చిన్నదైన, ముఖ్యముగా కండరభాగమున నున్నదైన, చాలమందిలో మొదటి కొన్ని సంవత్సరములలో తానే పూడును. రంధ్రము పెద్దదైన రక్తము మితిమీరి ఊపిరితిత్తులలోనికి తోయబడి శిశువును ఆయాసపెట్టును. ఇచ్చట ఒక వింత కలదు. సన్నని సందులో నుండి చిమ్ము నీరు ఎక్కువ చప్పుడు చేయునట్లు, చిన్న రంధ్రమే స్టెతస్కోపులో పెద్దగా మ్రోగును. మిక్కిలి పెద్ద రంధ్రము ఒక్కొక్కప్పుడు మౌనముగా ఉండును. మ్రోత తగ్గినదనగా రంధ్రము పూడుచున్నదని అర్థము కావచ్చును. లేక ఊపిరితిత్తుల రక్తనాళములు మందమై, వాని పీడనము పెరిగి, రక్తప్రవాహమే తగ్గినదని కావచ్చును. మొదటిది శుభము, రెండవది మహాపాయము. చెవితోనే తేల్చవలసిన కాలమున ఇద్దరు వైద్యులు రెండు విధముల పలుకుటలో ఆశ్చర్యమేమి? ధ్వని తరంగములతో గుండెను తెరపై చూపు ప్రతిధ్వని పరీక్ష వచ్చిన తరువాత రంధ్రము కొలత, పీడనము అంకెలలో తెలియుచున్నవి. వివాదము తగ్గినది గాని ముగియలేదు. ఎప్పుడు చేయవలెనన్నది మిగిలియున్నది.

మొదట చిన్నపిల్లలకు ఊపిరితిత్తుల ధమని చుట్టు పట్టీ బిగించి, పెద్దవారైన పిమ్మట రంధ్రము పూడ్చెడివారు. ఈ పట్టీ పద్ధతి 1952లో అమెరికాలో వచ్చెను. 1960 దశాబ్ది చివర న్యూజిలాండులో బ్రయన్ బారట్-బాయిస్ శరీరమును బాగుగా చల్లబరచి, పసితనముననే పూర్తి చికిత్స చేయసాగెను. ఒక పాఠశాలలో నేర్చినవారు వేచియుండుమనిరి, వేరొక పాఠశాలవారు వెంటనే అనిరి.

మన దేశమున మరియొక లెక్క కూడ చేరును. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో ఇచ్చటికి వచ్చినది. శిశువు బరువు తూచి వ్రాయుట ఎంత ముఖ్యమో అట్టి సంస్థలు నేర్పినవి. గుండె రంధ్రమున్న బిడ్డ తిన్నది ఆయాసమునకే ఖర్చగును. పోషణ చాలని బిడ్డను ఊపిరితిత్తుల జబ్బు త్వరగా పట్టును. కావున "బరువు పెరిగిన తరువాత చేయుదము" అను సలహా పాలు చాలని ఇంట ఎన్నటికిని నెరవేరకపోవచ్చును.

ఖర్చు భయము చాలకాలము మూడవ సలహాదారుగా ఉండెను. 1991లో పుట్టపర్తిలో ఉచిత హృదయ చికిత్సాలయము వెలసెను. 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలై బీదవారి పిల్లలకును ఈ శస్త్రచికిత్సలు అందుబాటులోనికి వచ్చినవి. ఐనను కొందరు పిల్లలు ఐదారేండ్లు దాటిన పిదప మొదటిసారి పట్టణమునకు వత్తురు. అప్పటికి వారి ఊపిరితిత్తుల నాళములు గట్టిపడి, పెదవులు నల్లబడి ఉండును. 1897లో వియన్నాలో విక్టర్ ఐజెన్మెంగర్ వర్ణించిన స్థితి ఇదియే. ఆ దశలో రంధ్రము పూడ్చిన కుడి గుండె ఆ భారము మోయలేక ఆగిపోవును. అట్టి పిల్లలను చూచునప్పుడు వైద్యులకు సాధారణముగా భేదాభిప్రాయము ఉండదు. మందులు వ్రాసి పంపుదురు.