పవర్ పోయింది

ఆస్ట్రేలియా వచ్చిన కొత్తల్లో ఆఫీసులో ఒకాయన "పవర్ పాయింట్ ఎక్కడుంది?" అని అడిగితే, గబగబా కంప్యూటర్ తెరిచి నా స్లయిడ్లు చూపించబోయాను. ఆయన లాప్‌టాప్ వైరు చేత్తో పట్టుకుని నావంక జాలిగా చూశాడు. ఇక్కడ గోడకుండే ప్లగ్గు సాకెట్టుని పవర్ పాయింట్ అంటారని అలా తెలిసింది.

ఈ సంగతి చెబితే నాన్నగారు పడీ పడీ నవ్వారు. ఆయన ముప్ఫయ్యేళ్ళు కరెంటాఫీసులో పనిచేసిన మనిషి. "మనకి పోయేది కరెంటురా, పవర్ పోయేది మంత్రులకి" అన్నారు. నిజమే! కళ్ళజోడుకి పవర్ పెరుగుతుంది, బిళ్ళ పవరెక్కువైతే కడుపులో మంట. శక్తి, బలం, అధికారం అని మనం విడివిడిగా చెప్పుకునేవన్నీ ఇంగ్లీషువాడు ఒక్క సంచిలో వేసి మూతి కట్టాడు. లాటిన్‌లో 'చేయగలగడం' అన్న మాట ఫ్రెంచి మీదుగా వచ్చి ఇలా తయారైందట. గొడవంతా ఎవరు ఎవరిని ఏం చేయగలరన్న దగ్గరే.

నాన్నగారు మొదటిసారి మా దగ్గరికి వచ్చినప్పుడు కాన్‌బెర్రా తీసుకెళ్ళాను. పాత పార్లమెంటు భవనం ఇప్పుడు మ్యూజియం. 1975 నవంబరు 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్, ఎన్నికైన ప్రధాని గాఫ్ విట్లమ్‌ని పదవిలోంచి తీసేశాడు. సెనేట్ బడ్జెట్ ఆపేసిందన్నది కారణం. పార్లమెంటు రద్దు ప్రకటన ఆ సాయంత్రం చదివింది ఈ మెట్లమీదే. కెర్ వాడింది 'రిజర్వ్ పవర్స్'. రాజ్యాంగమంతా వెతికినా ఆ పేరు కనపడదు. ఆ మాటకొస్తే ప్రధానమంత్రి అన్న పదవి పేరూ అందులో లేదు!

నాన్నగారు ఆ మెట్లమీద కూర్చుండిపోయారు. "రామారావుగారికీ ఇంతేగా" అన్నారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని తొలగించారు. ఆయన అప్పుడే అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకొచ్చారు. ఎమ్మెల్యేలని ఢిల్లీ తీసుకెళ్ళి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. సెప్టెంబరు 16న, సరిగ్గా నెలకి, మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. విట్లమ్‌కి ఆ అదృష్టం లేదు. డిసెంబరు ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు. "స్విచ్చి ఎవరి చేతిలో ఉందో తెలియకుండా స్తంభం ఎక్కకూడదురా" అన్నారు నాన్నగారు. లైన్‌మన్లకి చెప్పే మాట అది.

ఎదుటి పచ్చికలో గుడారాలు కనిపించాయి. భూమి హక్కుల కోసం 1972 జనవరి 26న నలుగురు ఆదివాసీ యువకులు బీచి గొడుగు పాతి మొదలుపెట్టిన 'టెంట్ ఎంబసీ' అది. సొంత గడ్డమీద పరాయివాళ్ళమయ్యాం కాబట్టి మాకూ ఎంబసీ ఉండాలన్నారు. 'బ్లాక్ పవర్' నినాదం ఆ రోజుల్లోదే.

వాళ్ళ గురించి చెబుతూ రాజ్యాంగం 51వ సెక్షన్, 26వ క్లాజు దగ్గరికి వచ్చాను. లాయర్లు దాన్ని 'రేస్ పవర్' అంటారు. ఏ జాతివాళ్ళకైనా ప్రత్యేక చట్టాలు చేయవచ్చని 1901లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో రాసుకున్నారు, ఆదివాసీలని మినహాయించి. మరి ఎవరికోసం? చైనావాళ్ళు, పసిఫిక్ దీవుల కూలీలు, మన ఇండియన్లు... తెల్లవాళ్ళు కానివాళ్ళని అదుపులో పెట్టడానికి! 1967 మే 27న, నూటికి తొంభై మందికి పైగా అవునంటే, ఆ మినహాయింపు మాటలు తీసేశారు. మిగతా వాక్యం అలాగే ఉంది.

"అంటే మొదట రాసింది మనమీద అన్నమాట" అన్నారు నాన్నగారు. నేనేమీ అనలేదు. పౌరసత్వం తీసుకున్న రోజు ప్రమాణం చేశాను, చేతికి చిన్న మొక్క ఇస్తే తెచ్చి పెరట్లో నాటాను. ఈ క్లాజు మాత్రం చాలా ఏళ్ళకి గాని చదవలేదు.

"మరి మేలుకే వాడాలని ఉందా?"

లేదు. హింద్‌మార్ష్ ద్వీపం వంతెన కేసులో ఇదే ప్రశ్న 1998లో ఇక్కడి హైకోర్టు ముందుకొచ్చింది. జడ్జీలు తలోమాట అన్నారు. తేలలేదు.