నాడా? ఊపిరా?

ఫరంపేటలో మా అన్నయ్య కొడుక్కి మొన్నామధ్య కాకినాడలో హెర్నియా ఆపరేషన్ అయింది. చూద్దామని వెళ్తే వీధరుగు మీద దిండుకి ఆనుకుని ఫోన్లో షేర్ల ధరలు చూస్తున్నాడు.

"బాబాయ్, మత్తు మందు లేకుండా ఏ ఆపరేషనూ జరగదు కదా. ఆ కంపెనీల షేర్లు కొంటే ఇక తిరుగుండదు. కొనెయ్యమంటావా?"

"ఒరేయ్, మత్తు మందు మీద హైదరాబాద్‌లో ఒకాయన వెయ్యి పౌన్లు పెట్టాడు. ముందు ఆ కథ విను. కొనేది రేపైనా కొనొచ్చు" అన్నాను.

*

1848 జనవరి 28. ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర ఒక పల్లె. హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్లకి కాలిగోరు తియ్యాలి. ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫాం అనే మత్తు మందు మహిమ లోకానికి చాటి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. గుడ్డ మీద ఆ మందు వేసి పిల్లకి వాసన చూపించారు. గోరు తియ్యబోయారు. ఆ పిల్ల మరి లేవలేదు.

అప్పటి నుంచీ వైద్యులు రెండు పక్షాలయ్యారు. క్లోరోఫాం గుండెను ఆపేస్తుంది కాబట్టి నాడి పట్టుకు కూర్చోవాలని లండన్ వాళ్లు అన్నారు. ముందు ఆగేది ఊపిరేననీ, దాని మీదే చూపు ఉండాలనీ ఎడింబరో వాళ్లు వాదించారు. బల్ల మీద ఉన్న మనిషికి ఇది పండితుల పంతం కాదు. మత్తిచ్చే డాక్టరుకి ఉన్నవి రెండు కళ్లే. అవి చూడకూడని చోట ఉంటే ప్రాణం పోతుంది.

*

ఆ తగువు నలభై ఏళ్లకి మూసీ ఒడ్డుకి చేరింది. ఎడ్వర్డ్ లౌరీ హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్, అక్కడి మెడికల్ స్కూలుకి పెద్ద. ఎడింబరోలో ప్రసిద్ధ సర్జన్ జేమ్స్ సైమ్ దగ్గర చదువుకున్నవాడు. గురువు చెప్పిన మాటే ఆయనకి వేదం: ఊపిరి చూడు. వేలమందికి ఆయన అలాగే క్లోరోఫాం ఇప్పించాడు. 1888లో నిజాం ప్రభుత్వం అండతో తొలి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చింది. లౌరీ నమ్మిందే తేలింది.

లండన్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆ మాటని ఒప్పుకోలేదు.

అసలు కథ ఇక్కడుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన వాళ్ల చేతే ఇంకో నివేదిక రాయించుకోలేదు. ఆ లాన్సెట్ చేతిలోనే వెయ్యి పౌన్లు పెట్టి, మీకు గురి ఉన్న మనిషిని మీరే ఎంచి పంపండి, మా ప్రయోగాలు ఆయన కళ్లముందే మళ్లీ చేస్తాం అని కబురు పెట్టాడు. కాదన్నవాడికి తానే దారిఖర్చులిచ్చి పిలిపించుకోవడం ఎంతమందికి చేతనవుతుంది?

1889లో లాన్సెట్ పంపిన థామస్ లాడర్ బ్రంటన్ ఓడ దిగాడు. మందులు గుండె మీద ఎలా పనిచేస్తాయో చెప్పడంలో దిట్ట. క్లోరోఫాంతో గుండెకే ముప్పని నమ్మిన పక్షం నుంచే వచ్చాడు. వారాల తరబడి పని సాగింది. బల్ల మీద జంతువు. ముక్కుకి క్లోరోఫాం. పక్కన రక్తపోటుని గీతగా గీసే యంత్రం. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు... దాదాపు 490 జీవాలు. ఈ కథ చెప్పుకునే ప్రతివాళ్లూ ఆ మూగజీవాల రుణం గుర్తుంచుకోవాలి.

గీతలు చదివాక బ్రంటన్ మనసు మార్చుకున్నాడు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్ల, నేరుగా గుండెకి ఏమీ కాదని లండన్‌కి తంతి కొట్టాడు. కమిషన్ డాక్టర్లకి చెప్పిన జాగ్రత్తలు ఇప్పుడు విన్నా చెవికి ఇంపుగానే ఉంటాయి: రోగిని వెల్లకిలా పడుకోబెట్టండి. మెడ దగ్గరా రొమ్ము మీదా బట్టలు వదులు చెయ్యండి, ఊపిరి కంటికి కనబడాలి. అది తడబడితే మందు తీసెయ్యండి, కుదుటపడ్డాకే మళ్లీ పెట్టండి.

లౌరీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ విద్యలో ఆరితేరింది. లోకంలో మత్తు వైద్యం చేసిన తొలి మహిళల్లో ఆవిడ పేరు చెబుతారు. పై చదువుకి 1909లో ఎడింబరో వెళ్లింది.

*

"అయితే నిజాం గెలిచాడన్నమాట" అన్నాడు మావాడు.

సగమే గెలిచాడు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు ఇంకో సంగతి బయటపెట్టాడు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నితే, క్లోరోఫాం గుండె లయని చెదరగొట్టి ఉన్నట్టుండి ఆపెయ్యగలదు. చిన్న ఆపరేషనుకి బెదిరిపోతూ వచ్చినవాళ్లు బల్ల మీదే ఎందుకు పోయేవారో అప్పుడు అర్థమైంది. నాడి అన్నవాళ్ల మాటలోనూ నిజం ఉంది. కాలక్రమంలో క్లోరోఫాం ఆపరేషన్ గదుల్లోంచి వెళ్లిపోయింది. నిజాం వెయ్యి పౌన్లకి మిగిలింది మందు కాదురా, ఊపిరి మీద చూపు నిలిపే అలవాటు.

"మరి షేర్ల సంగతి?"

నాకు తెలిసింది చెప్పాను. ఇవాళ ఆ తెలంగాణ గడ్డ మీదే, సంగారెడ్డి జిల్లా డిగ్వాల్‌లో, పిరమల్ ఫార్మా పీల్చే మత్తు మందులు తయారుచేస్తోంది. ఆ కంపెనీ 2022లో విడిగా మార్కెట్‌కి వచ్చింది. ఆపరేషన్లో కండరాలు సడలించే రోకురోనియం లాంటి ఇంజెక్షన్లు చేసే గ్లాండ్ ఫార్మా హైదరాబాద్‌ది. 2020 నవంబరులో షేరు 1,500 రూపాయలకి ఇచ్చారు. మరుసటి ఏడాది అది నాలుగు వేలు దాటింది. 2023లో వెయ్యికి దిగువన పడింది. ఆ మూడేళ్లలో ఆపరేషన్లు మానేసిన ఊరు ఒక్కటీ లేదు. అవసరం ఎక్కడికీ పోదు, ధర మాత్రం ఒకచోట నిలవదు. పేటెంటు తీరిన మందుని పదిమంది చేస్తారు. తనిఖీలో తప్పు దొరికితే సరుకు ఆగుతుంది. డెస్‌ఫ్లూరేన్ అనే మత్తు వాయువు భూమిని వేడెక్కిస్తోందని ఐరోపా కూటమి 2026 నుంచి దాని వాడకాన్ని బాగా కట్టడి చేసింది. క్లోరోఫాంకి రోజులు చెల్లినట్టే దేనికైనా చెల్లొచ్చు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుడిచేతి చూపుడువేలు చూసుకున్నాడు.

"ఈ వేలికి క్లిప్పు పెట్టారు బాబాయ్. టిక్కు టిక్కుమంటూనే ఉంది. నా తలదగ్గర మత్తు డాక్టరమ్మ కూర్చుంది. అంకెలన్నీ తెర మీద కనబడుతున్నా, నాకు కళ్లు మూతపడేదాకా ఆవిడ నా రొమ్మువైపే చూస్తోంది."

ఆ క్లిప్పు నాడినీ చూస్తుంది, రక్తంలో ప్రాణవాయువునీ చూస్తుంది. లండన్, ఎడింబరోల తగువు వాడి వేలికొస మీద తీరిపోయింది.

వాడు ఫోను పక్కన పెట్టి, లోపల్నించి చెల్లెలి నోటుపుస్తకం తెప్పించాడు. కాగితం మధ్యన నిలువుగా గీత గీశాడు. కొనమనే కారణాలు ఓ వైపు, వద్దనేవి ఓ వైపు. రాయడం మాత్రం వద్దనే వైపు నుంచే మొదలుపెట్టాడు.