పంట లోడుకు పర్మిట్ అక్కర్లేదా? మినహాయింపు సరుకుకు కాదు, బండికి

రంజాన్‌లో పుచ్చకాయలు, ఎండాకాలంలో మామిడి, చలికాలంలో పత్తి. సీజన్ ఏదైనా తనిఖీ దగ్గర బండి ఆగితే వినిపించే మాట ఒకటే: "రైతు సరుకు సార్, దీనికి పర్మిట్ అక్కర్లేదు." ఇందులో సగమే నిజం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 66లో పర్మిట్ అక్కర్లేని బండ్ల జాబితా ఉంది. అందులో పంట అనే పేరే లేదు.

ఉన్నది బరువు లెక్క. బండి, సరుకు, మనుషులు అన్నీ కలిపిన మొత్తం బరువు (ఆర్‌సీలో జీవీడబ్ల్యూ అని రాసి ఉంటుంది) 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అవసరం లేదు. టాటా ఏస్ లాంటి చిన్న బండ్లు ఇందులోకి వస్తాయి. టమాటా వేసినా, సిమెంటు వేసినా ఒకటే. పికప్ బండ్లలో కొన్ని ఈ హద్దు లోపల, కొన్ని బయట ఉంటాయి కాబట్టి షోరూం వాళ్ల మాట కాకుండా ఆర్‌సీ చూసుకోవాలి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ మాత్రం చిన్న బండికీ తప్పవు.

రెండోది ట్రాక్టర్. కేంద్ర మోటారు వాహనాల రూల్స్ 1989 ప్రకారం వ్యవసాయ ట్రాక్టర్ ట్రాన్స్‌పోర్ట్ బండి కాదు. అందుకే రైతు తన పంటను ట్రాలీలో తెచ్చుకుంటే పర్మిట్ గొడవ లేదు. మన వ్యాపారులు దెబ్బ తినేది ఇక్కడే. 2004లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. కూరగాయల వ్యాపారి ఒకరు కొన్న సరుకుతో ట్రాక్టర్ ట్రాలీలో మార్కెట్‌కు వెళ్తూ ప్రమాదంలో చనిపోయారు. కూరగాయలు వ్యవసాయ ఉత్పత్తే కదా అని కుటుంబం తరఫున వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. కొన్న సరుకును అమ్మకానికి తీసుకెళ్లడం వ్యాపారం, వ్యవసాయ పని కాదు, ఇన్సూరెన్స్ కంపెనీకి బాధ్యత లేదు అని తేల్చింది. అవే కూరగాయలు రైతు చేతిలో ఒక లెక్క, వ్యాపారి చేతిలో ఇంకో లెక్క. కిరాయి తక్కువని ట్రాక్టర్ మాట్లాడుకుని సరుకు మీదే కూర్చుని వచ్చేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. వాళ్ల ఇంట్లోవాళ్లకైనా ఈ తీర్పు తెలియాలి.

ఇక సైజు సంగతి. పర్మిట్ ఉన్నా, అక్కర్లేకపోయినా లోడు హద్దు దాటకూడదు. గూడ్స్ బండి వెడల్పు 2.6 మీటర్లు మించకూడదు. సరుకు బాడీ పక్కలకు, ముందుకు, వెనక్కి పొడుచుకు రాకూడదు. పత్తి లారీ, వరిగడ్డి ట్రాలీ రోడ్డంతా ఆక్రమించి పోవడం రోజూ చూస్తాం గానీ, 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 194(1ఎ) ప్రకారం దానికి 20,000 రూపాయల జరిమానా ఉంది. లోడు దింపే ఖర్చు అదనం. సరిచేసేదాకా బండి కదలనివ్వరు. అధికారుల నుంచి ముందుగా అనుమతి తెచ్చుకున్న లోడుకు మినహాయింపు ఉన్నా, అది ఫలానా లోడు అని పేర్కొని ఇచ్చేది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌లా విడదీయలేని సరుకుకైతే అడగడంలో అర్థం ఉంది. పత్తిని రెండు ట్రిప్పులు చేయొచ్చు కదా!

బరువు ఎక్కువైతే 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. కాటాకు ఒప్పుకోకుండా వెళ్లిపోతే 40,000. డ్రైవర్ మీదే కాదు, అలా నడిపించిన వాళ్ల మీద కూడా కేసు పడుతుంది. డబ్బు కట్టించుకుని ఓవర్‌లోడ్‌కు కార్డులు, టోకెన్లు ఇచ్చే పద్ధతి కొన్ని రాష్ట్రాల్లో ఉండేది. అది చెల్లదని 2005లో సుప్రీంకోర్టు చెప్పేసింది. "మా దగ్గర కార్డు ఉంది" అనే బ్రోకర్ మాట నమ్మకండి.

సీజన్‌కే బండి తిప్పేవాళ్లకు ఒక దారి ఉంది. సెక్షన్ 87 కింద సీజనల్ వ్యాపారానికి టెంపరరీ పర్మిట్ ఇస్తారు. గడువు నాలుగు నెలలకు మించదు. దరఖాస్తు ఆర్టీఏలో. మామిడికైనా, పత్తికైనా కోత మొదలవకముందే పెట్టుకోండి.