టెక్సాస్‌లో వికలాంగ మాజీ సైనికుల ఆస్తి పన్ను మినహాయింపు

సైన్యంలో పనిచేసిన రోజుల్లో తగిలిన గాయం వల్లనో, అప్పుడు పట్టుకున్న జబ్బు వల్లనో వైకల్యం పాలైన మాజీ సైనికులకు టెక్సాస్ రాష్ట్రం వాళ్లు కాపురముండే ఇంటిపై ఆస్తి పన్నును కొంత తగ్గిస్తుంది. వైకల్యం నూటికి నూరు శాతమని తేలితే మొత్తం ఎత్తేస్తుంది. అమెరికాలో ఆస్తి పన్ను ఫెడరల్ ప్రభుత్వానిది కాదు. కౌంటీ, నగరం, పాఠశాల జిల్లా వంటి స్థానిక సంస్థలు ఎవరి వాటా వాళ్లు వేసుకుంటాయి. దానివల్ల ఈ మినహాయింపు వ్యవహారం మూడు చేతుల మీదుగా నడుస్తుంది. వైకల్యం ఎంతో తేల్చేది వాషింగ్టన్‌లోని మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, అంటే అందరూ వీఏ అని పిలిచే శాఖ. రాయితీ ఇచ్చేది రాష్ట్ర చట్టం. రాబడి వదులుకునేది ఊరు.

టెక్సాస్‌లో వ్యక్తిగత ఆదాయ పన్ను లేదు. ఆ బరువంతా ఇళ్ల మీద, అమ్మకం పన్ను మీద పడుతుంది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నెలనెలా బ్యాంకుకు కట్టే వాయిదాలో అసలు, వడ్డీలతోపాటు ఆస్తి పన్ను కూడా కలిసే ఉంటుంది. అన్ని సంస్థల రేట్లూ కలిపితే చాలా ఊళ్లలో ఏటా ఇంటి విలువలో దాదాపు రెండు శాతం అవుతుంది. అప్పు తీరినా ఈ పన్ను తీరదు.

చట్టం వచ్చిన తీరు

పూర్తి వైకల్యం ఉన్నవారి సొంతింటికి పన్ను మొత్తంగా మినహాయించే అధికారాన్ని శాసనసభకు ఇస్తూ 2007 నవంబరులో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగ సవరణను ఆమోదించారు. దాన్ని అమలుచేసే చట్టం 2009లో వచ్చింది. పన్నుల స్మృతిలో అది 11.131 సెక్షన్. మాజీ సైనికుడు చనిపోతే భార్యకు లేదా భర్తకు అదే మినహాయింపు కొనసాగేలా 2011లో మరో సవరణ చేశారు. అయితే చట్టం రాకముందే భర్త పోయిన స్త్రీలు దీనికి బయటే ఉండిపోయారు. వాళ్లను చేర్చడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఈ హక్కు పోతుంది. వేరే ఇంటికి మారితే మాత్రం పాత ఇంటిపై చివరి ఏడాది ఎంత మొత్తం మినహాయింపు వచ్చిందో అంత మొత్తం కొత్త ఇంటికి వర్తిస్తుంది.

శాతాల లెక్క

వీఏ ప్రతి గాయానికీ, జబ్బుకీ పదేసి శాతాల మెట్లలో ఒక అంకె ఇస్తుంది. ఒకరికి రెండు మూడు వైకల్యాలుంటే ఆ అంకెలను మామూలుగా కూడరు. ఒకరికి వెన్ను దెబ్బతిని 60 శాతం, వినికిడి పోయి 40 శాతం వచ్చాయనుకుందాం. మనం కూడితే నూరు. వీఏ లెక్కలో మొదటి దెబ్బ 60 పోగా మిగిలిన ఆరోగ్యం 40 శాతం. రెండో అంకె ఆ 40లో 40 శాతం, అంటే 16. రెండూ కలిపి 76. దాన్ని దగ్గరి పదికి సవరిస్తే 80. ఈ పద్ధతిలో నూరుకు చేరాలంటే సవరణకు ముందు కనీసం 95 రావాలి. వైద్యపరంగా దీనికో తర్కం ఉంది గానీ, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో దీన్ని చూసి నిట్టూర్చనివారు తక్కువ. అంకె నూరుకు చేరకపోయినా, వైకల్యం వల్ల నిలకడగా ఉద్యోగం చేయలేరని వీఏ ఒప్పుకుంటే నూరు శాతం భృతి ఇస్తుంది. టెక్సాస్ చట్టం వాళ్లను కూడా పూర్తి మినహాయింపుకు అర్హులుగానే చూస్తుంది.

నూరుకు తగ్గినవారికి వర్తించేది 11.22 సెక్షన్. 10 నుంచి 29 శాతం వరకు ఇంటి విలువలో 5,000 డాలర్లు, 30 నుంచి 49 వరకు 7,500, 50 నుంచి 69 వరకు 10,000, 70, ఆపైన ఉంటే 12,000 డాలర్లు తీసేసి మిగిలినదానిపై పన్ను వేస్తారు. కనీసం 10 శాతం వైకల్యం ఉండి 65 ఏళ్లు నిండినవారికీ, చూపు పోయినవారికీ, కాలో చెయ్యో పనిచేయనివారికీ కూడా 12,000 దొరుకుతుంది.

పథకంలోని అసలు అసమానత ఇక్కడే కనిపిస్తుంది. మూడు లక్షల డాలర్ల ఇల్లు, రెండు శాతం రేటు అనుకుని, మిగతా మినహాయింపులు పక్కన పెడితే ఏడాది పన్ను 6,000 డాలర్లు. నూరు శాతం వైకల్యం ఉన్నవారు అందులో ఒక్క డాలరూ కట్టక్కర్లేదు. తొంభై శాతం ఉన్నవారికి తగ్గేది 240 డాలర్లు. పది శాతం తేడాకు ఇంత అగాధం సమంజసమని చెప్పడం కష్టం. పైగా 12,000 డాలర్ల గరిష్ఠ పరిమితి రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది కాబట్టి ఇళ్ల ధరలు ఎంత పెరిగినా అది తనంతట తాను పెరగదు.

దరఖాస్తు

అర్జీ పెట్టుకోవాల్సింది పన్ను వసూలు చేసే ఆఫీసులో కాదు, ఇంటి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో. వీఏ ఇచ్చిన నిర్ధారణ పత్రం జతచేయాలి. ఏడాది మధ్యలో నూరు శాతం వస్తే ఆ తేదీ నుంచే పన్ను ఆగుతుంది. వీఏ నిర్ణయాలు ఆలస్యమవడం మామూలే కాబట్టి వెనకటి సంవత్సరాలకు కూడా దరఖాస్తు చేసి కట్టిన డబ్బు వాపసు తీసుకునే వీలు చట్టంలో ఉంది. మినహాయింపు పన్నుకు మాత్రమే. కాలనీ సంఘానికి కట్టే హెచ్ఓఏ రుసుము యథాతథం.

ఇతర రాష్ట్రాలు

వర్జీనియా ఓటర్లు 2010లో ఇలాంటి సవరణనే ఆమోదించారు. అక్కడ వైకల్యం పూర్తిగా, శాశ్వతంగా ఉండాలి. ఇలినాయ్ 70 శాతం నుంచే పెద్ద మినహాయింపు ఇస్తుంది, కాబట్టి టెక్సాస్‌లో 80 దగ్గర ఆగిపోయినవారికి అక్కడ మేలు. కాలిఫోర్నియా పన్ను పూర్తిగా ఎత్తేయదు. ఇంటి విలువలో కొంత మొత్తం మినహాయిస్తుంది, ఆ మొత్తాన్ని ద్రవ్యోల్బణాన్నిబట్టి ఏటా పెంచుతుంది.

ఊళ్ల మీద భారం

మాజీ సైనికులు రాష్ట్రమంతా సమంగా పరుచుకుని ఉండరు. ఫోర్ట్ హుడ్ వంటి పెద్ద స్థావరంలో పనిచేసినవారు చాలామంది ఆ పక్కనే ఇల్లు కొనుక్కుని స్థిరపడతారు. సైనిక ఆసుపత్రి దగ్గర, పాత స్నేహితులు దగ్గర. దాంతో కిలీన్, కాపరస్ కోవ్ వంటి పట్టణాల్లో పన్ను లేని ఇళ్లు పెరుగుతూ వచ్చాయి. ఆ ఇళ్లకూ రోడ్లు కావాలి, పోలీసులు కావాలి, ఫైరింజన్ రావాలి. యుద్ధభూముల్లో చెత్త తగలబెట్టిన గోతుల పొగ వల్ల వచ్చే అనేక జబ్బులను సైనిక సేవకు ముడిపెడుతూ 2022లో ఫెడరల్ ప్రభుత్వం పాక్ట్ చట్టం తెచ్చింది. అర్హుల సంఖ్య పెరగడానికి అదీ తోడైంది.

ఈ నష్టంలో కొంత పూడ్చడానికి టెక్సాస్ శాసనసభ 2015లో ఒక సహాయ పద్ధతి పెట్టింది. సైనిక స్థావరం ఉన్న కౌంటీ గానీ, స్థావరానికి ఆనుకుని ఉన్న నగరం గానీ, ఈ మినహాయింపు వల్ల తన సాధారణ నిధి రాబడిలో రెండు శాతమో అంతకన్నా ఎక్కువో పోగొట్టుకుంటే రాష్ట్ర ఖజానా చూసే కంప్ట్రోలర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. పోయినదంతా తిరిగి రావడం లేదని కిలీన్ పాలకులు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌కు మొరపెట్టుకుంటూనే ఉన్నారు. స్థావరం హద్దును తాకని నగరం ఆ స్థాయిలోనే నష్టపోయినా ఈ సహాయానికి అర్హత పొందదు.