మింగ్ ఆస్థానంలో జిరాఫీ: భ్రాంతి, రాజనీతి

క్రీ.శ. 1414లో బెంగాల్ సుల్తాను సైఫుద్దీన్ చైనాలోని మింగ్ చక్రవర్తి యోంగ్‌లెకు ఒక జిరాఫీని కానుకగా పంపాడు. తూర్పు ఆఫ్రికా మైదానాల్లో మందలుగా మేసే ఈ సాధారణ మృగాన్ని ఆస్థానం ‘చిలిన్’ అని పిలిచింది. చైనా ఐతిహ్యంలో చిలిన్ లేడి దేహం, ఎద్దు తోక గల శుభమృగం. ధర్మప్రభువు పాలనలోనే అది దర్శనమిస్తుందని విశ్వాసం. సోమాలీ భాషలో జిరాఫీ పేరు ‘గెరి’ కావడం వల్ల ధ్వనిసామ్యం కూడా ఈ అన్వయానికి తోడ్పడి ఉండవచ్చు.

అయితే దీనిని కేవలం అజ్ఞానంగా పరిగణించడం సమంజసం కాదు. యోంగ్‌లె 1402లో తన అన్న కుమారుని తొలగించి సింహాసనాన్ని ఆక్రమించినవాడు. అటువంటి పాలకునికి దైవానుగ్రహాన్ని చాటే శకునం ఎంతో విలువైనది. ఆస్థాన లేఖకుడు షెన్ దు ఆ మృగాగమనాన్ని చక్రవర్తి సద్గుణాలకు ఫలంగా కీర్తించాడు. చక్రవర్తి మాత్రం అధికారుల అభినందనలను వినయపూర్వకంగా నిరాకరించాడు. ఆ వినయం సైతం ధర్మప్రభువు లక్షణంగానే నమోదైంది. 1415లో ఆఫ్రికా తీరంలోని మలింది నుంచి మరో జిరాఫీ వచ్చింది.

జెంగ్ హె నౌకాయాత్రలలో పాల్గొన్న మా హువాన్ ఏడెన్ ప్రాంతపు జంతువులను పేర్కొంటూ జిరాఫీకి అదే పేరు వాడాడు. కాని దాని ముందుకాళ్ళు వెనుకకాళ్ళ కంటే పొడవని, మెడ సుదీర్ఘమని యథాతథంగా వర్ణించాడు. కనుక నాటివారు జంతువును సరిగానే చూశారు. దానికి ఏ అర్థం ఆపాదించాలన్నది మాత్రం రాజ్యావసరం నిర్ణయించింది. జపాన్ భాషలో నేటికీ జిరాఫీని ‘కిరిన్’ అనే పిలుస్తారు.