ఆగమన కాలం

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల పాటు క్రైస్తవ సంఘాలు పాటించే నిరీక్షణ కాలం. ఇంగ్లిషులో అడ్వెంట్ అంటారు. దీని మూలం ‘రాక’ అనే అర్థమున్న లాటిన్ మాట. పాశ్చాత్య సంఘాల్లో నవంబర్ 30కి దగ్గరి ఆదివారం మొదలై డిసెంబర్ 24తో ముగుస్తుంది. తెలుగు బైబిలులో ప్రభువు రాకకు స్థిరపడిన మాట ‘రాకడ’. ‘వాన రాకడ, ప్రాణం పోకడ’ ఎవరికీ తెలియవనే సామెతలోని మాటే ఇది. ఏ గడియలో వస్తాడో తెలియని వాని కోసం మెలకువగా ఉండడమనే భావానికి ఇంతకన్నా తగిన మాట దొరకదు.

డిసెంబర్ 17 నుంచి జనవరి 6 వరకు ఎవరూ గుడి మానరాదని 380లో స్పెయిన్‌లోని సరగోసా సభ నియమించింది. 5వ శతాబ్ది చివర ఫ్రాన్సులో టూర్ బిషప్ పెర్పెతువుస్, నవంబర్ 11న వచ్చే మార్టిన్ పండుగ మొదలు క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజుల ఉపవాసం పెట్టాడు. 12వ శతాబ్దిలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ తన ప్రసంగాల్లో మూడు రాకడల గురించి చెప్పాడు. మొదటిది బేత్లెహేములో జరిగింది, చివరిది మహిమతో జరగబోతుంది. నడిమిది మాత్రం విశ్వాసి హృదయంలోకి, కంటికి కనిపించకుండా వస్తుంది. దేవుని సన్నిధిని ఇప్పుడే, ఇక్కడే వెతకవచ్చన్న ఈ బోధ ఆగమన ధ్యానాలన్నిటిలోకీ లోతైనది. తర్వాతి శతాబ్దాల్లో స్కాట్లండ్ వంటి చోట్ల సంస్కరణవాదులు ఈ కాలాన్ని విడిచిపెట్టగా, లూథరన్, ఆంగ్లికన్ సంఘాలు నిలుపుకొన్నాయి.

1839లో హాంబర్గ్‌లో పేదపిల్లల ఆశ్రమం నడుపుతున్న లూథరన్ పాస్టర్ యోహాన్ హిన్రిక్ విహెర్న్, క్రిస్మస్ ఇంకెన్నాళ్లని రోజూ అడిగే పిల్లల కోసం బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలిపాడు. మామూలు రోజులకు చిన్నవి, ఆదివారాలకు నాలుగు పెద్దవి. ఇప్పుడు గుళ్లలో కొవ్వొత్తులతో పెట్టే ఆగమన దండకు ఇదే తొలిరూపం.

ఈ కాలం గురించి అత్యంత గాఢమైన రాతలు బెర్లిన్‌లోని టేగెల్ జైలు నుంచి వచ్చాయి. హిట్లర్‌ను ఎదిరించిన లూథరన్ పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్‌ను 1943 ఏప్రిల్ 5న అరెస్టు చేశారు. ఆ నవంబర్ 21న మిత్రుడు ఎబర్‌హార్డ్ బెట్గేకు రాసిన ఉత్తరంలో, ఆయన జైలుగదిని ఆగమన కాలంతో పోల్చాడు: లోపలివాడు ఎదురుచూస్తూ ఏవో పనులు చేసుకుంటాడు, తలుపు మాత్రం బయటినుంచే తెరుచుకోవాలి. మరుసటి ఏడాది అదే జైలులో జెసూట్ అనే కతోలిక సభకు చెందిన గురువు ఆల్‌ఫ్రెడ్ డెల్ప్, బేడీలున్న చేతులతోనే చిన్న చిన్న కాగితాల మీద ఆగమన ధ్యానాలు రాశాడు. ఉతకడానికి వెళ్లే బట్టల్లో దాచి ఇద్దరు స్త్రీలు వాటిని బయటికి చేర్చారు. 1944 డిసెంబర్ 8న, ఆగమన కాలంలోనే, ఆయన జైలులోనే జెసూట్ సభలో తుది ప్రమాణాలు చేశాడు. 1945 ఫిబ్రవరి 2న డెల్ప్‌ను, ఏప్రిల్ 9న బోన్‌హోఫర్‌ను ఉరితీశారు.

తెలుగు నేల మీద కతోలిక, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలు ఆగమన ఆదివారాలు పాటిస్తాయి. బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల్లో అనేకం ఈ పేరు వాడకపోయినా, డిసెంబర్ రాత్రుల్లో ఇంటింటికీ తిరిగే క్యారల్స్, సెమీ క్రిస్మస్ కూడికలు వారికీ ఉన్నాయి. దండ పెట్టే గుళ్లలో సాధారణంగా మూడు ఊదా కొవ్వొత్తులు, మూడో ఆదివారానికి ఒక గులాబీరంగు కొవ్వొత్తి ఉంటాయి. వారానికొకటి చొప్పున వెలిగిస్తూ వస్తారు. నడుమ ఉండే తెల్ల కొవ్వొత్తిని క్రిస్మస్ వేళ దాకా వెలిగించకుండా ఉంచుతారు.