పోగు నుండి విమానపు రెక్క వరకు

వరంగల్లులోని కొత్తవాడ జంపఖానాలకు పేరుపొందినది. మగ్గముపై పడుగు ఒక దిక్కున, పేక వేరొక దిక్కున సాగును. జంపఖానాను నూలు సాగిన దిక్కున లాగినచో ఎంతో బలమును ఓర్చుకొనును. మూలగా లాగినచో సాగిపోవును. దిక్కును బట్టి బలము మారు ఈ గుణమే నేటి విమానపు రెక్కలను కట్టు ఇంజనీర్లకు వరమును, చిక్కును కూడ అయినది.

రెండు పదార్థములు తమ గుణములను కోల్పోక కలిసి పనిచేసినచో దానిని సంయుక్త పదార్థమందురు. గడ్డి కలిపిన మట్టిగోడ అట్టిదే. విమానములలో గడ్డికి బదులు కార్బన్ పోగులు, మట్టికి బదులు రెజిన్ అను జిగురు వాడుదురు. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన మన తేజస్ విమానపు చట్రము బరువులో సుమారు 45 శాతము ఇట్టి పదార్థములే. ఇవి లోహముల కంటె తేలిక.

అయితే వీని బలమును లెక్కించుట ఎట్లు? కార్బన్ పోగు వ్యాసము సుమారు 7 మైక్రాన్లు. అనగా మిల్లీమీటరులో వేయింట ఏడు వంతులు. పోగులు పరచిన పొర మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. పదార్థములో 60 శాతము పోగులున్నచో, చదరపు సెంటీమీటరు కోతలో సుమారు 15 లక్షల పోగులు కనబడును. రెక్క పొడవు అనేక మీటర్లు. ప్రతి పోగును వేరుగా లెక్కించుట ఏ కంప్యూటరుకును సాధ్యము కాదు. పోగును మరచుటయు తగదు. పగులు పుట్టునది పోగుకు జిగురుకు నడుమనే, పొరకు పొరకు నడుమనే.

ఈ చిక్కును విప్పుటకు శతాబ్దమునకు పైగా పట్టినది. మిశ్రమము యొక్క సగటు గుణమును కనుగొనుటకు 1889లో జర్మనీ దేశీయుడు ఫోక్ట్ ఒక మార్గమును, 1929లో రాయిస్ వేరొక మార్గమును చూపిరి. అసలు విలువ ఆ రెంటి నడుమ ఉండునని 1952లో హిల్ నిరూపించెను.

ఇక ఫలకము వంగుటను చూతము. విద్యార్థులు లావైన నోటుపుస్తకము నొకదానిని వంచి చూడవలెను. కాగితములు ఒకదానిపై నొకటి జారి, నిటారుగా నున్న అంచు ఏటవాలు అగును. 1850లో కిర్కాఫ్ చెప్పిన సిద్ధాంతములో ఈ జారుడు లేదు. పలుచని లోహపు రేకుకు అది చాలును. జారుడును రైస్నర్ 1945లో, మిండ్లిన్ 1951లో లెక్కలోనికి తెచ్చిరి. కాని మిండ్లిన్ పద్ధతిలో అంచు వాలినను తిన్నని గీతగానే ఉండును. ఆ లోటు పూడ్చుటకు ఒక దిద్దుబాటు గుణకము అవసరమయ్యెను.

1956లో టర్నర్, క్లఫ్ మొదలగువారు విమాన భాగమును చిన్న చిన్న ముక్కలుగా విభజించి లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. దీనికి 1960లో క్లఫ్ పెట్టిన పేరును తెలుగులో పరిమిత అంశముల పద్ధతి అనవచ్చును. ఆ ముందటి యేడే, 1959 అక్టోబరు 10న, వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారిన అచ్చట నేడు ఈ పద్ధతి పాఠ్యాంశము.

ఈ చరిత్రలో ఒక తెలుగువాని పేరు ముఖ్యము. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టము పొంది అమెరికాకు వెళ్లిన జూనుతుల నరసింహారెడ్డి, 1984లో పొరల ఫలకములకు కొత్త సిద్ధాంతమును ప్రకటించిరి. అందు అంచు తిన్నని గీత కాదు, మూడవ ఘాతపు వక్రరేఖ. పైతలమునను, అడుగుతలమునను జారుడు బలము సున్న కావలెనను సత్యము దానంతట అదే సిద్ధించును; దిద్దుబాటు గుణకముతో పని లేదు. 2019లో వారికి యంత్రశాస్త్రమున మేటి గౌరవమైన టిమోషెంకో పతకము లభించినది.

అయినను ఫలకమునకు కావలసిన గుణములు ఎచ్చటినుండి రావలెను? ఇందుకు మెట్లవలె లెక్కింతురు. కొద్ది పోగులున్న చిన్న ఖండమును తీసుకొని దాని గుణమును కనుగొందురు. అది పొరకు, పొరనుండి ఫలకమునకు, ఫలకమునుండి రెక్కకు అందును. పిమ్మట రెక్కలో అధిక భారము పడు చోటు చూచి, అవే మెట్లు దిగి, అచ్చటి పోగు నిలుచునా అని పరీక్షింతురు. ఈ రెండు స్థాయులను ఒకేమారు లెక్కించు పద్ధతిని 1999లో ఫ్రాన్సు దేశమున ఫెయెల్ ప్రకటించెను.

ఈ లెక్కలు ప్రయోగమునకు బదులు కావు. పోగు, జిగురు గుణములను ప్రయోగశాలలో కొలిచి ఇచ్చినప్పుడే కంప్యూటరు సరియైన ఫలితమిచ్చును. చివరకు నిజమైన రెక్కను వంచి చూచిన తరువాతనే విమానమునకు అనుమతి. అయితే ఏ చోట వంచి చూడవలెనో, ఏ పొరను అనుమానింపవలెనో ముందుగా తెలుపునది ఈ లెక్కయే.